డెన్వర్ నదిలో కార్ప్ వేట: సీజన్ ఆరంభంలో గైడు సేవకు డబ్బు పెట్టవచ్చా?

అమెరికాలోని డెన్వర్ నగరం నడిమధ్యగా పారే సౌత్ ప్లాట్ నదిలో ఫ్లై రాడ్‌తో, అంటే ఈకలు, దారాలతో పురుగులా కట్టిన ఫ్లై అనే ఎరను విసిరే పొడవాటి గాలపు కర్రతో, కార్ప్ చేపను పట్టడం నేర్పే గైడు సేవలు కొన్ని ఉన్నాయి. నగరంలోని ఒక ఫ్లై ఫిషింగ్ దుకాణం నడిపే అలాంటి సేవను ఈ వసంతంలో, అంటే చేపలు చలికాలపు మందకొడితనం వదిలి మేతకు రావడం మొదలుపెట్టే రోజుల్లో, ఒక పూటకు తీసుకున్నాను. ముందే తీర్పు చెప్పాలంటే, రాడ్ విసరడం కొంతైనా తెలిసి, నీళ్లలో చేపను చూడడం రాని వారికి ఇది పెట్టిన డబ్బుకు తగిన సేవ. రాడ్‌ను ఎన్నడూ చేతపట్టని వారికీ, ఎక్కువ చేపలు పడతాయని ఆశించే వారికీ కాదు. దుకాణం పేరు కావాలనే రాయడం లేదు, ఎందుకంటే కింద చెప్పబోయే లోపాలు ఈ తరహా సేవలు ఏ దుకాణంలో తీసుకున్నా ముందుగా అడిగి తేల్చుకోవలసినవే.

సేవ స్వరూపం సూటిగానే ఉంటుంది. నాలుగు గంటల పూట, ఒకరు లేదా ఇద్దరు మనుషులు, రాడ్, రీల్, ఫ్లైలు, నీళ్లలో నిలబడడానికి కావలసిన వేడర్లు దుకాణానివి. లైసెన్సు మాత్రం మనమే తెచ్చుకోవాలి. కొలరాడోలో 16 ఏళ్లు నిండిన ప్రతివారికీ చేపల లైసెన్సు తప్పనిసరి, పట్టిన చేపను తిరిగి వదిలేసినా సరే. రుసుము ఒక్కరికి 300 డాలర్ల పైచిలుకు, దానిమీద గైడుకు ఇచ్చే బహుమానం వేరు. ఇద్దరు కలిసి వెళ్తే ఒక్కొక్కరి వంతు తగ్గుతుంది గానీ, కార్ప్ వేటలో ఇద్దరు ఒకే చేపకు గురిపెట్టలేరు కనుక సగం సమయం చూస్తూ కూర్చోవలసి వస్తుంది. ఒంటరిగా వెళ్లడమే మేలని నా అభిప్రాయం.

కొలరాడో అంటే కొండవాగులు, చల్లని స్వచ్ఛమైన నీరు, ట్రౌట్ చేపలు. ఫ్లై ఫిషింగ్ చేసేవారిలో చాలామంది నగరం దాటి గంటల తరబడి కారు నడిపి ఆ వాగులకే వెళ్తారు. ఇంటి పక్కన, సైకిల్ బాట పక్కన, వంతెనల కింద మేస్తున్న కార్ప్‌ను చాలాకాలం చెత్త చేపగానే చూశారు. ఇది స్థానిక చేప కాదు. మన చెరువుల్లో పెంచే బంగారు తీగ ఇదే జాతి. 1877లో అమెరికా ప్రభుత్వ మత్స్య శాఖ జర్మనీ నుంచి తెప్పించి బాల్టిమోర్ చెరువుల్లో పెంచి, ఆ పిల్లలను రాష్ట్రాలకు ఆహారపు చేపగా పంచిపెట్టింది. అడిగి మరీ తీసుకున్న జనమే కొన్ని దశాబ్దాలు తిరక్కముందే దాన్ని శాపనార్థాలు పెట్టారు. మన దేశానికీ ఇది వలస వచ్చినదే. ఒక రకం 1939లో సిలోను మీదుగా ఊటీకి, మరొకటి 1957లో బ్యాంకాక్ నుంచి వచ్చింది. అయితే మనవారు దాన్ని నిందించలేదు, పులుసు పెట్టుకున్నారు.

డెన్వర్‌లోని నదికీ ఇలాంటి చరిత్రే ఉంది. 1965 జూన్‌లో వచ్చిన పెద్ద వరద నగరాన్ని అతలాకుతలం చేసింది. ఆ తరువాత నగరానికి ఎగువన చాట్‌ఫీల్డ్ ఆనకట్ట కట్టారు. చెత్తకుప్పలతో, మురుగుతో నిండిన నది ఒడ్డును 1970ల నుంచి క్రమంగా బాగుచేస్తూ, చెర్రీ క్రీక్ అనే వాగు వచ్చి కలిసే చోట కాన్‌ఫ్లుయెన్స్ పార్కును, ఒడ్డు పొడవునా సైకిల్ బాటను నిర్మించారు. ఓవర్‌లాండ్, గ్రాంట్-ఫ్రాంటియర్ పార్కుల దగ్గర నదిలో బండలు పేర్చి, లోతు గుంటలు, నెమ్మది నీళ్ల మలుపులు కల్పించారు. ఇప్పుడు ఇందులో కార్ప్‌తో పాటు స్మాల్‌మౌత్ బాస్ అనే చేప, అక్కడక్కడా ట్రౌట్ కూడా ఉన్నాయి. ట్రౌట్ సంరక్షణ కోసం పుట్టిన ట్రౌట్ అన్‌లిమిటెడ్ సంస్థ డెన్వర్ శాఖ, నది బాగు కోసం నిధులు సేకరించడానికి కార్ప్ స్లామ్ పేరుతో ఏటా పోటీ పెట్టడం మొదలుపెట్టాక ఈ చేపకు కొంత గౌరవం వచ్చింది. గోదావరి వరదను లక్షల క్యూసెక్కుల్లో వినడానికి అలవాటుపడిన మనకు, వసంతారంభంలో కొన్ని వందల క్యూసెక్కులతో పారే ఈ నది ఒక మాదిరి పంట కాలువలా కనిపిస్తుంది. ఆ కాలువంత నీటిలోనే అయిదు కిలోల చేపలు తిరుగుతుంటాయి.

ఇక అసలు విషయమైన సీజన్ ఆరంభానికి వస్తాను. చట్టం లెక్కన ఇక్కడ కార్ప్‌కు వేట నిషేధ కాలమంటూ ఏదీ లేదు. కొత్త లైసెన్సు సంవత్సరం మార్చి 1న మొదలవుతుంది, అంతే. నిజమైన సీజన్‌ను నీటి వేడిమి నిర్ణయిస్తుంది. కార్ప్ శీతల రక్త జీవి కనుక చలికాలంలో దాని జీర్ణక్రియ దాదాపు నిలిచిపోయి, లోతు గుంటల్లో మందలుగా కదలకుండా పడి ఉంటుంది. నీరు 50 ఫారెన్‌హీట్ డిగ్రీలు, అంటే మన లెక్కలో 10 దాటినప్పుడు కదలిక మొదలవుతుంది, 55 దగ్గర, అంటే 13 సెల్సియస్ దగ్గర మేత ఊపందుకుంటుంది. 60లు దాటి 17, 18 సెల్సియస్‌కు చేరాక గుడ్లు పెట్టే హడావిడి మొదలై, పది పదిహేను చేపలు గడ్డి పరకల మధ్య నీళ్లు చిమ్ముతూ తరుముకుంటాయి గాని ఎరవైపు కన్నెత్తి చూడవు. అదే సమయానికి కొండల్లో మంచు కరిగి, మే నెల నడుమ నుంచి జూన్ వరకు నది ఉధృతంగా, బురదగా పారుతుంది. కాబట్టి చలి వదలడానికీ మంచునీరు రావడానికీ నడుమ, మార్చి చివరి నుంచి మే మొదటి వారాల దాకా, ఒక చిన్న కిటికీ లాంటి కాలం మాత్రమే దొరుకుతుంది. నీరు తక్కువగా, తేటగా ఉండి, చేప ఆకలితో ఉండే రోజులు ఇవే.

ఇక్కడే ఈ సేవలోని మొదటి లోపం బయటపడుతుంది. దుకాణం వెబ్‌సైటు మార్చి మొదటి వారం నుంచే ప్రతి రోజునూ ఒకే ధరకు, ఒకే వర్ణనతో అమ్ముతుంది. డెన్వర్‌లో మార్చి అంటే ఒకరోజు చొక్కాతో తిరిగి, మర్నాడు మంచు ఎత్తిపోసుకునే నెల. ఏప్రిల్‌లోనూ మంచు పడడం ఇక్కడ వింతేమీ కాదు. రాత్రి చలిగాలి వచ్చి నీటి వేడిమి నాలుగైదు డిగ్రీలు పడిపోతే, నిన్న ఇసుక తిన్నెల మీద మేసిన చేపలు ఇవాళ గుంటలోకి జారుకుంటాయి. నేను ఎంచుకున్న తేదీకి ముందు సరిగ్గా అలాంటి చలిగాలే వచ్చింది. దుకాణానికి ఫోన్ చేస్తే, వర్షం, పిడుగులు తప్ప మరే కారణానికీ తేదీ మార్చబోమన్నారు. కార్ప్ వేటను అమ్మే దుకాణానికి నీటి వేడిమి కన్నా పిడుగులే ముఖ్యం కావడం నాకు విడ్డూరంగా తోచింది. గైడు స్వయంగా కలగజేసుకుని తేదీని వారం తరువాతకు జరిపించాడు గాని, అది అతని మంచితనం, సేవలో భాగం కాదు. డబ్బు కట్టే ముందే ఈ ఒక్క షరతును అడిగి రాయించుకోవలసిందిగా పాఠకులకు నా సలహా.

అతని మరో నిర్ణయమూ చెప్పుకోదగ్గది. ట్రౌట్ వేటకు వెళ్లేవారికి తెల్లవారుజామున బయలుదేరడం అలవాటు. ఇతను మాత్రం, వెబ్‌సైటులో ఏడు గంటలని ఉన్నా, పదకొండుకు రమ్మన్నాడు. సీజన్ మొదట్లో ఎండ నేలమీద పడి లోతు లేని నీటిని రెండు మూడు డిగ్రీలు వేడెక్కించేదాకా చేపలు పైకి రావు. సూర్యుడు నడినెత్తికి చేరితే తప్ప మన కంటికి నీటి అడుగు కనిపించదు. ఒడ్డుకు చేరగానే అతను మొదట చేసిన పని థర్మామీటరును నీళ్లలో ముంచడం, రెండవది సెల్‌ఫోన్‌లో అమెరికా జియలాజికల్ సర్వే వారి ప్రవాహపు లెక్క చూడడం. నగరానికి ఉత్తరాన ఉన్న మురుగు శుద్ధి కేంద్రం దిగువన నదిలో పారేది ఎక్కువ భాగం శుద్ధి చేసిన నీరే కావడంతో, అక్కడ చలిరోజుల్లో కూడా నీరు కొంత వెచ్చగా ఉంటుందనీ, అందుకే ఆరంభ వారాల్లో చాలామంది అటే పోతారనీ వివరించాడు. మేము మాత్రం నగరం లోపలే ఉండిపోయాం.

ఈ సేవలో డబ్బుకు తగిన భాగం ఆ తరువాతి గంటన్నర. అంతసేపూ అతను నన్ను రాడ్ ముట్టనివ్వలేదు. ఒడ్డు మీద, నీటికి పదడుగుల దూరంలో, ఎండ మా వీపు వైపు పడేలా నిలబెట్టి, చేపలను చూడడం నేర్పించాడు. మొదట నాకు రాళ్లు, గడ్డి, నీడలు తప్ప ఏమీ కనబడలేదు. చేప మొత్తాన్ని వెతకవద్దనీ, రాయికి ఉండని లక్షణాన్ని వెతకమనీ చెప్పాడు. ప్రవాహంలో గడ్డి ఒకే లయలో ఊగుతుంది, తోక అలా ఊగదు. రాయి అంచు మొద్దుగా ఉంటుంది, వెన్ను రెక్క అంచు గీత గీసినట్టు ఉంటుంది. అడుగున మేస్తున్న చేప మట్టిని పీల్చి, తినదగినది ఉంచుకుని, మిగతాది మొప్పల గుండా వదిలేస్తుంది కనుక దాని తల దగ్గర చిన్న బురద మబ్బు లేస్తుంది, ఆ మబ్బు ఏ వైపు తాజాగా, చిక్కగా ఉంటే తల ఆ వైపు ఉన్నట్టు. అరగంట గడిచేసరికి నేను అంతకుముందు ఖాళీ అనుకున్న నీటిలో అయిదారు చేపలు నాకూ కనబడసాగాయి.

కనబడిన ప్రతి చేపా ఎర వేయదగినది కాదన్నది రెండవ పాఠం. నీటి మధ్యలో వేగంగా పోతున్న చేప తినదు. ఎండకు కదలకుండా నిలబడినది దాదాపుగా తినదు. ఒడ్డు వెంట నెమ్మదిగా, తల కొంచెం దించి వెతుక్కుంటూ పోయేది తినవచ్చు. తోక పైకెత్తి తల బురదలో పెట్టినది తింటూనే ఉంది గాని, దానికి బురదలో మన ఫ్లై కనిపించేలా వేయడం కష్టం. ఈ నాలుగు రకాలను విడదీయడం వస్తే సగం పని అయినట్టేనని అతను అన్నాడు, నేనైతే సగానికి పైగానే అంటాను.

కార్ప్ ఇంత జాగ్రత్త చేప ఎందుకైందో అతను చెప్పిన తీరు కూడా మెచ్చుకోదగింది. ఈ కుటుంబపు చేపల్లో గాలితిత్తి ప్రకంపనలను చిన్న ఎముకల గొలుసు ఒకటి లోపలి చెవికి చేరవేస్తుంది. అందువల్ల బూటు కింద రాయి కదిలిన చప్పుడు కూడా వాటికి అందుతుంది. మూతికి ఇరువైపులా ఉన్న రెండు జతల మీసాలతో రుచి చూస్తాయి. మందలో ఒకదాని చర్మం గాయపడితే వెలువడే రసాయనాన్ని మిగతావి పసిగట్టి చెదిరిపోతాయి. అందుకే ఒక చేపను పట్టిన చోట మరో చేప కోసం ఆగకుండా ఎగువకు నడిచాం. ప్రతి నియమం వెనుకా కారణం చెప్పే గైడు దొరకడం అరుదు.

విసరడం గురించి ఆయన బోధన క్లుప్తంగా ఉంది, ఉండవలసినదీ అంతే. ముప్పై అడుగులకు మించి విసరవలసిన అవసరం ఈ నదిలో రాదు. ఫ్లైని చేప నెత్తిన వేస్తే పారిపోతుంది, దూరంగా వేస్తే చూడదు. కాబట్టి చేపకు అవతలగా, ముందుగా వేసి, రాడ్ కొన ఎత్తి, ఫ్లైని నీటిపై మెల్లగా లాగుతూ తెచ్చి, చేప ముక్కుకు జానెడు ముందర మునగనివ్వాలి. ఆ తరువాత లైన్‌ను కాదు, చేపను చూడాలి. బొచ్చె కోసం తవుడు ఉండ వేసి బెండు మునిగేదాకా ఎదురుచూసిన నాలాంటివారికి ఇదే కొరుకుడుపడని భాగం. కార్ప్ ఎరను పీల్చిన సంగతి చేతికి తెలియదు. చేప అర అడుగు పక్కకు జరగడం, మొప్పలు ఒక్కసారి విచ్చుకోవడం, తోక వణకడం, ఇవే గుర్తులు. ఒక క్షణం ఆలస్యమైతే ఉమ్మేస్తుంది. గుర్తు కనిపించగానే రాడ్ ఎత్తకుండా ఎడమచేత్తో లైన్‌ను చిన్నగా లాగాలి. పొరపాటుగా అనుకుని లాగినా ఫ్లై జానెడే కదులుతుంది కాబట్టి చేప బెదరదు. గైడు నా వెనక ఒడ్డుపై ఎత్తులో నిలబడి, చేప కదలికలను మెల్లగా చెబుతూ, సరైన క్షణంలో మాట అందించాడు. ఆ సహాయం లేకుండా మొదటి చేప నాకు దొరికేది కాదు.

దొరికిన చేప నాలుగు కిలోలకు కాస్త అటూఇటూగా ఉంటుంది. దిగువకు ఒక్క ఊపున పరుగెత్తి, వంతెన స్తంభం వైపు తిరిగింది. ట్రౌట్ మీద చిన్న రాడ్లు వాడిన వారికి ఈ బలం కొత్తగా అనిపిస్తుంది. ముడుల్లేని రబ్బరు వలలోకి తీసి, నీటిలోనే ఉంచి, కొక్కెం తీసి, ఒక ఫోటో తరువాత వదిలేశాం. కొక్కెం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లును ముందే నొక్కేసి ఉంచడం నాకు నచ్చింది.

సామగ్రి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఏడవ నంబరు, తొమ్మిదడుగుల రాడ్, తేలే లైన్, దాని చివర కట్టే పదడుగుల సన్నని దారం (లీడర్), ఆ చివర పది పౌండ్ల బలం తట్టుకునే ఫ్లోరోకార్బన్ దారం ఇచ్చారు. ఈ నదికి అవి సరిగ్గా సరిపోతాయి. ఫ్లైలలో ఎక్కువగా వాడింది బ్యాక్‌స్టాబర్ అనేది. కొలరాడోకే చెందిన జే జిమ్మర్‌మన్ రూపొందించిన ఈ ఫ్లైకి పూసల గొలుసు ముక్కతో కళ్లు పెట్టి, కొక్కెం మొన పైకి ఉండేలా కడతారు. అందువల్ల అడుగున రాళ్లకు తగులుకోదు, తేలిగ్గా పడుతుంది గనుక లోతు లేని నీటిలో చప్పుడు చేయదు. రొయ్యలాంటి క్రేఫిష్‌ను, పురుగుల డింభకాలను రెండింటినీ పోలి ఉండే తుప్పు రంగుది ఆరోజు పనిచేసింది. వేడర్లు పాతవైనా కారలేదు. అయితే నీటి మెరుపును తగ్గించడానికి అరువిచ్చిన పోలరైజ్డ్ కళ్లద్దాలు మాత్రం గీతలు పడి, నల్లటి రంగులో, ఈ పనికి పనికిరానివి. చూడడమే ప్రధానమైన వేటలో దుకాణం తక్కువ ఖర్చు పెట్టింది కళ్లద్దాలమీదే కావడం రెండవ లోపం. గైడు తన సొంత జత, తేనె రంగు అద్దాలది, తీసి నాకిచ్చాడు. మీరు వెళ్తే మీ సొంతవి, తేనె రంగు లేదా రాగి రంగువి, తీసుకువెళ్లండి.

మరికొన్ని చిన్న సంగతులున్నాయి. ఒడ్డు వెంట సైకిల్ బాట ఉండడంవల్ల లైన్‌ను వెనక్కి విసిరే ముందు ప్రతిసారీ చూసుకోవాలి. వారాంతం కన్నా పనిరోజు మధ్యాహ్నం నయం. నగర ప్రాంతంలో ఈ నదిలో ఇ.కోలై బ్యాక్టీరియా ప్రమాణాలను మించి ఉంటుందన్నది తెలిసిన విషయమే కనుక, చేతులు శుభ్రం చేసుకోకుండా ఏమీ తినకూడదు. గైడు శానిటైజర్ తెచ్చాడు గాని అడిగితేగాని ఇవ్వలేదు. చేపను ఇంటికి తీసుకెళ్లి వండుకుందామనే ఆలోచన ఉంటే ఈ సేవ దానికి కాదు, ఈ నీరూ దానికి కాదు.

డెన్వర్, అరోరా, హైలాండ్స్ రాంచ్ ప్రాంతాల్లో ఉండే తెలుగువారిలో చిన్ననాడు కాలువ గట్టున గాలం వేసినవారు చాలామందే ఉంటారు. వారు అడిగే ప్రశ్న ఒకటుంది: మొక్కజొన్న గింజ గుచ్చి వేస్తే ఇదే చేప సులువుగా పడుతుంది కదా, ఇంత తతంగం ఎందుకని. ప్రశ్న న్యాయమైనదే. మొక్కజొన్నతో పట్టడం ఇక్కడ నేరమూ కాదు, తక్కువా కాదు. చేప కావాలంటే అదే దారి. వాసన, రుచి లేని ఈకల ముక్కను, ఇంత ముక్కూ మీసాలూ ఉన్న చేప నోట పెట్టేలా చేయడం వేరే ఆట, దాన్ని ఆడాలనిపించినవారికే ఈ రుసుము.

కనీసం ఒక ఖాళీ మైదానంలోనైనా ముప్పై అడుగులు తిన్నగా విసరడం సాధన చేశాకనే ఈ పూటను కొనమంటాను. లేకపోతే చూపు నేర్పవలసిన గంటన్నర విసరడం నేర్పడానికే సరిపోతుంది, ఆ పాఠం పార్కుల్లో చాలా తక్కువ ధరకు దొరుకుతుంది. రాత్రులు కూడా చలి తగ్గి, నీటి వేడిమి వరుసగా కొన్ని రోజులు 55కు దిగకుండా ఉన్నప్పుడు తేదీ తీసుకోవడం మంచిది. మంచునీరు తగ్గాక కాటన్‌వుడ్ చెట్ల దూది గింజలు నీటి మీద తేలే రోజుల్లో ఈ చేపలే పైకి వచ్చి నోరు తెరిచి మేస్తాయట, ఆ వేటకు తేలే ఫ్లైలు కావాలి. అప్పటికి రెండో పూట సగం ధరకు ఇస్తామని దుకాణం చెబుతోంది గాని, ఈసారి తేదీ మార్పు షరతు రాతలో ఇచ్చేదాకా నేను డబ్బు కట్టదలచుకోలేదు. గైడుకు అయిదుకు అయిదు, దుకాణానికి అయిదుకు మూడు.